చరిత్ర ఉపాధ్యాయుని శిక్షణ: ఒక విమర్శనాత్మక పరిశీలన

పాఠశాలల్లో చెప్పే చరిత్రను గురించి మన సమాజంలో చర్చ వచ్చినప్పుడల్లా అది పాఠ్యపుస్తకం దగ్గర మొదలై పాఠ్యపుస్తకం దగ్గరే ముగుస్తున్నది. ఏ అధ్యాయం తీసివేశారు, ఏ వాక్యం చేర్చారు, ఏ సుల్తానును ఎట్లా వర్ణించారు అన్న విషయాల మీద సభలు జరుగుతున్నవి, వినతిపత్రాలు వెళ్తున్నవి. అవి అవసరమైన పనులే. కాని ఆ పుస్తకం చేతపట్టుకొని పిల్లల ముందు నిలబడే మనిషిని గురించి మనం ఆలోచించినది చాలా తక్కువ. అతడు ఏమి చదివి వచ్చాడు, ఉద్యోగంలో చేరిన తరువాత అతనికి ఎవరు ఏమి నేర్పుతున్నారు, సందేహం కలిగితే ఎవరిని అడుగుతాడు అన్న ప్రశ్నలు మన చర్చల్లో దాదాపు వినిపించవు. ప్రభుత్వం అతనికిచ్చే శిక్షణను కొంత నిశితంగా పరిశీలించి, అందులోని ప్రధాన లోపం ఎక్కడున్నదో చూపటం ఈ వ్యాసం ఉద్దేశం.

ఒక ఊరు, ఒక ఉపాధ్యాయుడు

మాట గాలిలో తేలిపోకుండా ఉండటానికి ఒక ఊరిని దృష్టిలో పెట్టుకుందాం. అనకాపల్లి జిల్లా నక్కపల్లి మండలంలో సముద్రతీరాన రాజయ్యపేట అనే మత్స్యకార గ్రామం ఉన్నది. 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లాలు ఏర్పడేవరకు అది విశాఖపట్నం జిల్లాలోనిది. నక్కపల్లిలో తలపెట్టిన బల్క్ డ్రగ్ పార్కుకు 2025 జనవరి 8న శంకుస్థాపన జరిగింది. తమ సముద్రం, తమ వేట ఏమవుతాయోనన్న భయంతో అదే సంవత్సరం రాజయ్యపేట మత్స్యకారులు ఆందోళనకు దిగారు. అప్పటినుండి ఆ ఊరిపేరు పత్రికల్లో తరచు కనిపిస్తున్నది.

ఇటువంటి ఊరి పిల్లలకు చరిత్ర చెప్పే ఉపాధ్యాయుని చుట్టూ ఎంత చరిత్ర పరచుకొని ఉన్నదో చూడండి. అదే జిల్లాలో అనకాపల్లి పక్కన శంకరం దగ్గర బొజ్జన్నకొండ ఉన్నది, అది బౌద్ధుల ఆరామం. గొలుగొండ మండలం కృష్ణదేవిపేటలో అల్లూరి సీతారామరాజు సమాధి ఉన్నది. ఉత్తరంగా విశాఖపట్నంలో దర్గాకొండ మీద ఇస్‌హాక్ మదీనా వారి దర్గా, దాని పొరుగునే గుడి ఒక కొండ మీద, చర్చి ఒక కొండ మీద ఉన్నవి. ఇంకా పైకి పోతే భీమునిపట్నంలో డచ్చివారి సమాధులు, శ్రీకాకుళంలో 17వ శతాబ్దపు గోల్కొండ ఫౌజుదారు షేర్ ముహమ్మద్ ఖాన్ కట్టించిన జామె మసీదు కనిపిస్తాయి. ఈ తీరమంతా 1753లో ఫ్రెంచివారి చేతికి, 1765లో షా ఆలం ఫర్మానుతోను 1766లో నిజాం అలీతో కుదిరిన ఒడంబడికతోను ఇంగ్లీషువారి చేతికి పోయిన ఉత్తర సర్కారుల భాగమే.

ఇంత సామగ్రి ఉండి కూడా, చరిత్ర తెలియనప్పుడు ఏమి జరుగుతుందో బొజ్జన్నకొండే చెబుతుంది. బుద్ధుని పేరు జనం నోట బొజ్జన్న అయింది. ఆ పేరు వెనుక ఉన్న సంగతి మరుగున పడింది. కనుమ పండుగనాడు అక్కడి బౌద్ధ శిథిలంలో ఒక భాగాన్ని రాక్షసుని పొట్టగా భావించి రాళ్లు రువ్వే ఆచారం చాలాకాలం సాగింది. రాళ్లు రువ్వినవారికి బుద్ధుని మీద ద్వేషం లేదు. అది ఏమిటో వారికి చెప్పినవారు లేరు, అంతే. అజ్ఞానం నుండి పుట్టిన ఆచారాన్ని మాన్పించటం సులభం. ఒక సమాజం మీద మరొక సమాజానికి కథల ద్వారా ఎక్కిన పగను మాన్పించటం అంత సులభం కాదు. ఆ పని చేయగలిగిన స్థానంలో ఉన్నవాడు చరిత్ర ఉపాధ్యాయుడు. అతన్ని అందుకు సిద్ధం చేస్తున్నామా అన్నదే ప్రశ్న.

చరిత్రకు ప్రత్యేకించిన ఉపాధ్యాయుడు లేడు

మొదట ఒక వాస్తవాన్ని గుర్తించాలి. మన ఉన్నత పాఠశాలల్లో చరిత్ర ఉపాధ్యాయుడనే ఉద్యోగమే లేదు. ఉన్నది సాంఘిక శాస్త్రం స్కూలు అసిస్టెంటు. చరిత్ర, భూగోళం, పౌరశాస్త్రం, అర్థశాస్త్రం నాలుగూ అతడే చెప్పాలి. డిగ్రీలో అర్థశాస్త్రమో రాజనీతి శాస్త్రమో ముఖ్యంగా చదివి, చరిత్రను తన పదవ తరగతి తరువాత మళ్లీ ముట్టుకోని వ్యక్తి కూడా కాకతీయుల గురించి, కుతుబ్‌షాహీల గురించి, 1857 గురించి బోధించవలసి వస్తున్నది. ఇది అతని తప్పు కాదు, ఏర్పాటులోని లోపం.

ఈ లోపాన్ని బి.ఇడి. పూరించవలసి ఉన్నది. 2014 నాటి నిబంధనల ప్రకారం 2015 నుండి ఆ చదువు ఒక సంవత్సరం నుండి రెండు సంవత్సరాలకు పెరిగింది. కాని అక్కడ నేర్పేది ప్రధానంగా బోధనా పద్ధతి: పాఠ్య పథకం ఎట్లా వ్రాయాలి, ప్రశ్నలు ఎట్లా వేయాలి, మూల్యాంకనం ఎట్లా చేయాలి అన్నవి. ఒక శాసనాన్ని ఎట్లా చదవాలి, ఒక ఆస్థాన చరిత్రకారుడు వ్రాసిన మాటను ఎంతవరకు నమ్మాలి, రెండు ఆధారాలు పరస్పరం విరుద్ధంగా ఉంటే ఏమి చేయాలి అన్న విషయాలకు అక్కడ చోటు చాలా తక్కువ. కనుక అతడు పాఠం చెప్పే విధానం తెలిసినవాడై వస్తాడు. చెప్పే పాఠం ఏ పునాది మీద నిలిచి ఉన్నదో తెలుసుకొనే అవకాశం మాత్రం ఉద్యోగంలో దొరికే శిక్షణకే మిగులుతుంది.

శిక్షణ నడిచిన దారి

ఉద్యోగంలో ఉన్న ఉపాధ్యాయునికి శిక్షణ కావాలన్న ఆలోచన కొత్తది కాదు. 1964–66 నాటి కొఠారీ కమిషన్, ప్రతి ఉపాధ్యాయునికి ప్రతి ఐదేళ్లలో రెండు మూడు నెలల శిక్షణ అందాలని సిఫారసు చేసింది. ఉన్నత పాఠశాల చుట్టూ ఉన్న బడులను ఒక స్కూలు కాంప్లెక్సుగా కలపాలన్న ఆలోచనను ముందుకు తెచ్చినదీ ఆ కమిషనే. 1986 జాతీయ విద్యా విధానం ఫలితంగా జిల్లాకొక డైట్ వచ్చింది. ఉమ్మడి విశాఖ జిల్లాకు భీమునిపట్నంలో ఉన్నది అటువంటిదే. 1980లలో బ్రిటిషు సహాయంతో మొదలైన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం, ఉపాధ్యాయులు తమలో తాము కలిసి నేర్చుకొనే కేంద్రాలను ఏర్పరచింది. అయితే దాని దృష్టి ప్రాథమిక తరగతుల మీదనే. తరువాత 2001 నుండి సర్వశిక్షా అభియాన్ వేసవి శిక్షణలు, కాంప్లెక్సు సమావేశాలు నడిచినవి.

2019 ఆగస్టులో కేంద్ర ప్రభుత్వం 'నిష్ఠ' అనే దేశవ్యాప్త శిక్షణను ప్రారంభించింది. కోవిడ్ తరువాత అది 'దీక్ష' అనే వేదిక ద్వారా ఉపాధ్యాయుని చేతిలోని ఫోనులోకి వచ్చింది. 2020 జాతీయ విద్యా విధానం ప్రతి ఉపాధ్యాయుడు ఏడాదికి కనీసం 50 గంటలు వృత్తిపరమైన అభివృద్ధికి వినియోగించాలని చెప్పింది.

ఇక్కడ చిన్న లెక్క వేద్దాం. ఏడాదికి 50 గంటలంటే ఐదేళ్లకు 250 గంటలు. రోజుకు 6 గంటల చొప్పున సుమారు 42 రోజులు. కొఠారీ అడిగిన రెండు నెలలకు అది బహుదూరమేమీ కాదు. కనుక శిక్షణకు కాలమే లేదనే ఫిర్యాదు పూర్తిగా నిలవదు. కాలాన్ని దేనితో నింపుతున్నారన్నదే చూడవలసి ఉన్నది.

నిష్ఠలో ఉన్నత పాఠశాలల కోసం రూపొందించిన రెండవ దశను తీసుకోండి. కళల సమన్వయం, సాంకేతిక సాధనాలు, ఆరోగ్యం, వృత్తి విద్య, మూల్యాంకనం వంటి సాధారణాంశాలు అందులో 12 ఉన్నవి. గణితం చెప్పేవాడూ, చరిత్ర చెప్పేవాడూ అవే చదవాలి. ఆ పైన తన విషయానికి సంబంధించినది ఉంటుంది. అది కూడా సాంఘిక శాస్త్ర బోధన గురించినది కాబట్టి చరిత్రకు దక్కేది అందులో ఒక పాలు మాత్రమే. దృశ్యాలు చూసి, చివరి ప్రశ్నలకు జవాబులు గుర్తించి, నిర్ణీత మార్కులు వస్తే ధ్రువపత్రం వస్తుంది. ఆ అంశాలు పనికిరానివని నేను అనటం లేదు. అంగవైకల్యం గల పిల్లలను తరగతిలో ఎట్లా కలుపుకోవాలో తెలిసి ఉండటం మంచిదే. కాని ఇన్ని గంటలు గడిపి బయటికి వచ్చిన ఉపాధ్యాయుని చేతిలో ఒక్క శాసనమైనా, ఒక్క ఫర్మానైనా, ఒక్క కైఫీయత్తయినా పెట్టి చదివించలేదంటే, అతని విషయ జ్ఞానం ఎక్కడ పెరిగినట్టు?

ఒక పాఠంతో పరీక్ష

ఈ లోపం వల్ల తరగతి గదిలో ఏమి జరుగుతుందో ఒకే పాఠంతో చూద్దాం. గోల్కొండ పాలకుడు ఇబ్రాహీం కుతుబ్‌షా 1550 నుండి 1580 వరకు పాలించాడు. గద్దెనెక్కక ముందు సుమారు ఏడేళ్లు విజయనగరంలో అళియ రామరాయల ఆశ్రయంలో ఉన్నాడు. తెలుగు కవులు అతన్ని మల్కిభరాముడని ప్రేమగా పిలిచారు. అద్దంకి గంగాధరకవి తన తపతీసంవరణోపాఖ్యానాన్ని అతనికి అంకితం చేశాడు. పొన్నెగంటి తెలగన అచ్చతెనుగులో వ్రాసిన తొలి కావ్యం యయాతి చరిత్రను ఆ కాలపు అధికారి అమీన్‌ఖాన్‌కు అంకితమిచ్చాడు.

ఇది ఒక వైపు. రెండవ వైపు చూడండి. ఏ రామరాయల నీడలో తలదాచుకున్నాడో ఆ రామరాయల మీదికే 1565లో ఇతర సుల్తానులతో కలిసి ఇబ్రాహీం యుద్ధానికి వెళ్లాడు. 1579లో గోల్కొండ సైన్యం అహోబిల క్షేత్రాన్ని కొల్లగొట్టింది. అక్కడి రత్నఖచిత విగ్రహం గోల్కొండకు చేరింది. ఆ సైన్యాన్ని నడిపినవాడు మురహరి రావు అనే మరాఠా బ్రాహ్మణుడు. తరువాత విజయనగరం వైపువారు ఆ క్షేత్రాన్ని తిరిగి స్వాధీనం చేసుకున్న సంగతిని అహోబిలంలోని శాసనం చెబుతున్నది.

ఇప్పుడు ఈ పాఠాన్ని మూడు విధాలుగా చెప్పవచ్చు. మొదటి విధం: తెలుగును పోషించిన మల్కిభరాముని కథ చెప్పి అహోబిలాన్ని విడిచిపెట్టటం. రెండవ విధం: అహోబిలం చెప్పి కవులను విడిచిపెట్టటం. మురహరి రావు పేరు కూడా విడిచిపెడితే అది ఇంకా సులువు. పుస్తకం ఏ వైపు మొగ్గితే ఉపాధ్యాయుడు ఆ వైపు మొగ్గుతాడు. ఎందుకంటే పుస్తకం తప్ప అతని దగ్గర మరొకటి లేదు.

మూడవ విధం కష్టమైనది. కావ్యం అంకితం చేసిన కవి ఎవరి మెప్పు కోసం వ్రాశాడు? ఆస్థానంలో కూర్చుని ఫార్సీలో చరిత్ర వ్రాసినవాడు ఏది దాచి ఏది పెంచాడు? శాసనం వేయించినవారికి తమ విజయాన్ని ఎట్లా చెప్పుకోవాలని ఉన్నది? ముగ్గురు సాక్షుల మాటల్లో ఎక్కడ పొసగుతున్నది, ఎక్కడ పొసగటం లేదు? ఒక క్షేత్రాన్ని కొల్లగొట్టటం మతం కోసమా, ధనం కోసమా, శత్రురాజు ప్రతిష్ఠను దెబ్బతీయటానికా? ఈ ప్రశ్నలు వేసి పిల్లల చేత ఆలోచింపజేయటమే చరిత్ర బోధన. దీనికి కావలసిన సాధన ఉపాధ్యాయునికి ఎవరూ ఇవ్వటం లేదు.

తరగతిలో కూర్చున్న ముస్లిం పిల్లవాని స్థితిని కూడా తలచుకోండి. మొదటి విధంగా చెబితే అతడు తల ఎత్తుకుంటాడు. రెండవ విధంగా చెబితే తల దించుకుంటాడు. పక్కనున్న పిల్లలు అతనివైపు తిరిగి చూస్తారు. ఆ పిల్లవాడు 1579లో అహోబిలం పోలేదు, 1550లో కవులకు కానుకలూ ఇవ్వలేదు. అతనికి సంబంధం లేని కీర్తినీ, సంబంధం లేని నిందనూ అతని నెత్తిన పెట్టే పాఠం రెండు విధాలా చెడ్డ పాఠమే. మూడవ విధంగా చెప్పగలిగిన ఉపాధ్యాయుడు ఒక్కడున్నా ఆ పిల్లవాడూ, అతని పక్కనున్నవాడూ ఒకే బెంచీ మీద కూర్చుని ఒకే ఆధారాన్ని పరిశీలించగలుగుతారు.

పుస్తకాలు మారుతున్న కాలం

ఉపాధ్యాయునికి సొంత కాలు మీద నిలిచే శక్తి ఈనాడు మరింత అవసరం. పుస్తకాలు ఇంత తొందరగా మారిన కాలం లేదు. 2011 రాష్ట్ర పాఠ్య ప్రణాళిక తరువాత ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వచ్చిన సాంఘిక శాస్త్ర పుస్తకాలు పిల్లలను ప్రశ్నించమని ప్రోత్సహించే తరహావి. 2022–23 నుండి ఆంధ్రప్రదేశ్ ఒక్కొక్క తరగతిగా ఎన్.సి.ఇ.ఆర్.టి. పాఠ్యాంశాల వైపు మళ్లింది. అటు ఎన్.సి.ఇ.ఆర్.టి. తన పుస్తకాలనే మార్చుతున్నది. 2023లో 12వ తరగతి పుస్తకం నుండి మొగలు దర్బారుల అధ్యాయం తొలగిపోయింది. 2025లో వచ్చిన 8వ తరగతి కొత్త పుస్తకం మధ్యయుగాన్ని చెప్పిన తీరు దేశమంతటా వివాదమైంది.

ఇది నిన్నటి జాడ్యమూ కాదు. 1977లో అధికారం మారగానే రోమిలా థాపర్, బిపిన్ చంద్ర, ఆర్.ఎస్. శర్మ వంటివారి పుస్తకాల మీద దాడి మొదలై, 1978లో శర్మగారి ప్రాచీన భారతం పాఠ్య ప్రణాళిక నుండి ఉపసంహరించబడింది. ప్రభుత్వం మారినప్పుడల్లా పుస్తకం మారుతుందన్నది ఐదు దశాబ్దాల అనుభవం. పుస్తకాన్ని మాత్రమే నమ్ముకొన్న ఉపాధ్యాయుడు ఒక ఏడు చెప్పినదానికి విరుద్ధంగా మరొక ఏడు చెప్పి, రెండు ఏళ్లూ తృప్తిగా ఇంటికి పోతాడు. ఆధారాన్ని తూచటం నేర్చినవాడు పుస్తకంలో లేనిదాన్ని గుర్తిస్తాడు, ఉన్నదాన్ని పరీక్షిస్తాడు. పుస్తకం మీద పోరాటంలో మనం గెలిచినా అది తాత్కాలికం. ఉపాధ్యాయునికి ఇచ్చిన విద్యను ఏ ప్రభుత్వమూ ఉపసంహరించలేదు.

మన విద్యా సంప్రదాయం చూపే దారి

వార్తను పరీక్షించటం ముస్లిములకు కొత్త విద్య కాదు. నమ్మదగనివాడు తెచ్చిన వార్తను విచారించి గాని దాని మీద చర్య తీసుకోరాదని సూరె హుజురాత్ ఆదేశిస్తున్నది. ఈ ఆదేశం నుండే హదీసు పండితుల మహాప్రయత్నం బయలుదేరింది. ప్రవక్త (సఅసం) వారి మాటగా చెప్పబడిన ప్రతి వార్తకూ, ఎవరు ఎవరినుండి విన్నారనే ఇస్నాదును అడిగారు. చెప్పినవారి జీవితాలను, జ్ఞాపకశక్తిని, సత్యసంధతను పరిశీలించటానికి రిజాల్ శాస్త్రాన్ని నిర్మించారు. భక్తిగల మనిషి కూడా పొరపాటు పడవచ్చునని అంగీకరించి, భక్తికీ సాక్ష్యానికీ మధ్య గీత గీశారు.

క్రీ.శ. 1377లో ముఖద్దిమాను రచించిన ఇబ్న్ ఖల్దూన్ దీనికి మరొక మెట్టు చేర్చాడు. చరిత్రకారులు అబద్ధాలలో పడటానికి కారణాలను ఆయన వరుసగా చెప్పాడు: తన పక్షం మీద అభిమానం, చెప్పినవారి మీద గుడ్డినమ్మకం, పెద్దల మెప్పు కోరటం, అన్నింటికీ మించి సమాజం నడిచే స్వభావం తెలియకపోవటం. పూర్వ చరిత్రకారులు చెప్పిన ఆరు లక్షల సైన్యం కథను ఆయన ఇట్లాగే పరీక్షించాడు. అంతమంది ఒక యుద్ధభూమిలో ఎట్లా నిలవగలరు, ఒక కొసన జరిగేది మరొక కొసకు ఎట్లా తెలుస్తుందని అడిగి, దాన్ని తోసిపుచ్చాడు. అంతకు మూడు శతాబ్దాల పైచిలుకు ముందే, సుమారు 1030లో, అల్‌బిరూనీ సంస్కృతం నేర్చి భారతదేశం గురించి వ్రాశాడు. మహమూదు రాజ్యంలో ఉంటూనే అతని దాడుల వల్ల ఇక్కడి ప్రజలకు కలిగిన నాశనాన్ని, వారి మనస్సుల్లో మిగిలిన వైరాన్ని దాచకుండా పేర్కొన్నాడు.

ఈ సంప్రదాయానికి వారసులమని చెప్పుకొనే మనం చరిత్ర విషయంలో ఏమి చేస్తున్నాం? మన సభల్లో, మన బడుల్లో చరిత్ర అంటే చాలావరకు రాజుల కీర్తనే. కట్టిన కోటలు, గెలిచిన యుద్ధాలు, ఇచ్చిన దానాలు చెబుతాం. ఒక రాజు ముస్లిమైనంత మాత్రాన అతని రాజ్యచరిత్ర ఇస్లాం చరిత్ర కాదన్న సంగతి మరచిపోతున్నాం. ఎదుటివారి కల్పితాలను ఇస్నాదు అడిగే మనం, మన దర్గాల చుట్టూ అల్లుకొన్న కథలను, మన సుల్తానుల గురించి విన్నవాటిని అడగటం లేదు. తూకం రెండు వైపులా ఒకటిగా లేకపోతే దాన్ని ఎవరు నమ్ముతారు?

చేసి చూపినవారు

ఉపాధ్యాయుని ఈ విధంగా తయారుచేయటం సాధ్యమేనా అని అడిగేవారికి రెండు ఉదాహరణలు చెప్పవచ్చు. బ్రిటన్‌లో 1906లో ఏర్పడిన హిస్టారికల్ అసోసియేషన్‌లో విశ్వవిద్యాలయ ఆచార్యులూ, బడిపంతుళ్లూ ఒకే సంఘంలో సభ్యులు. బడిలో చరిత్ర చెప్పేవారి కోసమే అది 1969 నుండి ఒక పత్రికను నడుపుతున్నది. 1972లో అక్కడ మొదలైన పాఠశాల చరిత్ర పథకం, తేదీలు వల్లెవేయించటం తగ్గించి పిల్లల చేతికే ఆధారాలను ఇచ్చింది. ఉపాధ్యాయులు ముందుగా ఆ పని తాము నేర్చుకోవలసి వచ్చింది.

అంత దూరం పోనక్కరలేదు. మధ్యప్రదేశ్‌లో 1982లో ఏర్పడిన ఏకలవ్య సంస్థ, 1986 నుండి తొమ్మిది ప్రభుత్వ మాధ్యమిక పాఠశాలల్లో సాంఘిక శాస్త్రాన్ని కొత్తగా బోధించే కార్యక్రమం నడిపింది. పుస్తకం వ్రాసినవారూ, దాన్ని బోధించేవారూ ఏటా కలిసి కూర్చుని, ఏ పాఠం నిలిచింది, ఏది విఫలమైందని చర్చించుకొనేవారు. 2002లో ఆ రాష్ట్ర ప్రభుత్వం దాన్ని ఆపివేసింది. కాని ఆ అనుభవం గలవారే తరువాత మన రాష్ట్రంలో 2011 ప్రణాళిక తరువాతి పుస్తకాలకు తోడ్పడ్డారు. అంటే మనకు మంచి పుస్తకం అక్కడి నుండి వచ్చింది. ఆ పుస్తకాన్ని పుట్టించిన ఉపాధ్యాయుల సహవాసం మాత్రం రాలేదు. ఆ పుస్తకాలు అంత తేలికగా పక్కకు పోవటానికి ఇది ఒక కారణమని నా అభిప్రాయం. అవి తమవి అని నిలబడి వాదించే ఉపాధ్యాయ వర్గం తయారుకాలేదు.

మన దేశంలో సంస్థలు లేకపోలేదు. సాంస్కృతిక వనరుల శిక్షణ కేంద్రం 1979 నుండి ఉపాధ్యాయులను స్మారక స్థలాలకు తీసుకుపోయి శిక్షణ ఇస్తున్నది. దాని ప్రాంతీయ కేంద్రం హైదరాబాదులోనే ఉన్నది. ఉర్దూ మాధ్యమంలో బోధించేవారి కోసం మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయంలో ప్రత్యేక వృత్తి అభివృద్ధి కేంద్రం ఉన్నది. కళాశాల అధ్యాపకులకు 1987 నుండి రిఫ్రెషర్ కోర్సులున్నవి. చరిత్ర పరిషత్తుల సమావేశాల్లో పత్రాలు సమర్పించేవారూ ప్రధానంగా కళాశాలల, విశ్వవిద్యాలయాలవారే. వీటన్నిటి మధ్య రాజయ్యపేట వంటి ఊరిలో తెలుగులో సాంఘిక శాస్త్రం చెప్పే మనిషికి తలుపు తెరిచి ఉన్నది చాలా తక్కువచోట్ల.

రెండు అభ్యంతరాలు

బడిపంతులు పరిశోధకుడు కాదు, పరీక్షలకు పిల్లలను సిద్ధం చేయటమే అతని పని, ఈ బరువు ఎందుకని కొందరంటారు. పరిశోధన చేయమని ఎవరూ అడగటం లేదు. వైద్యుడు కొత్త మందు కనిపెట్టనక్కరలేదు, కాని ఏ మందు ఎందుకు పనిచేస్తుందో తెలిసి ఉండాలి కదా! చరిత్ర చెప్పేవానికీ అంతే. ఏడాదికున్న 50 గంటల్లో 15 గంటలు దీనికి కేటాయించినా చాలు. ఐదేళ్లలో 75 గంటలవుతుంది.

రెండవ అభ్యంతరం మరింత బరువైనది. ఉపాధ్యాయునికి ఇంత స్వేచ్ఛ ఇస్తే అతడు తన పక్షపాతాన్నే పాఠంగా చెబితే ఏమి గతి? ఈ భయం నిరాధారం కాదు. అయితే పక్షపాతం ఇప్పుడూ ఉన్నది. ఈనాడు అది ఫోనులో వచ్చిన కథల రూపంలో ఉపాధ్యాయుల విశ్రాంతి గదిదాకా వస్తున్నది. ఆధారం అడిగే అలవాటు లేనివానికి పుస్తకంలోని వాక్యమూ, ఫోనులోని వాక్యమూ ఒకే విలువ గలవి. శిక్షణ అతనికి ఇచ్చేది స్వేచ్ఛకన్న ముందు కట్టుబాటు. 'ఇది ఎక్కడిది' అని తన్ను తాను అడుగుకొన్న తరువాతనే నోరు విప్పే కట్టుబాటు అది.

చేయదగిన పనులు

ప్రభుత్వాన్ని అడగవలసినవి స్పష్టమే. సాంఘిక శాస్త్రం స్కూలు అసిస్టెంటుకు ఇచ్చే శిక్షణలో చరిత్రకు ప్రత్యేక భాగం ఉండాలి. ఆ భాగం మూలాధారాల మీద నడవాలి. కాంప్లెక్సు సమావేశంలో లెక్కలు, నివేదికలు పూర్తయిన తరువాత మిగిలిన సమయంలో కాకుండా, ముందే కేటాయించిన గంటలో ఒక ఆధారాన్ని కలిసి చదవాలి. జిల్లాలోని కళాశాల చరిత్ర అధ్యాపకులను డైట్‌తో ముడిపెట్టాలి. స్థానిక చరిత్ర సేకరించే ఉపాధ్యాయుని కృషిని శిక్షణ గంటలుగా లెక్కించాలి. రాజయ్యపేటలో 2025లో జరిగినదాన్ని తీసుకోండి. ప్రభుత్వ ఉత్తర్వులు ఒక మాట చెబుతాయి, పత్రికలు ఒకటి, వలలు వేసే ముసలివారు మరొకటి చెబుతారు. వీటిని ఇప్పుడే సేకరించి, ఎవరు ఏమన్నారో తేదీలతో వ్రాసిపెట్టే ఉపాధ్యాయుడు ఉంటే, ముప్పై ఏళ్ల తరువాత ఆ ఊరి పిల్లలకు తమ చరిత్ర తమ చేతిలో ఉంటుంది. లేకపోతే అదీ బొజ్జన్నకొండ కథలాగే అవుతుంది.

మనం చేయవలసినది వేరే ఉన్నది. ఇస్లామీ అధ్యయన సంస్థల దగ్గర ఫార్సీ, అరబ్బీ, ఉర్దూ తెలిసినవారున్నారు. తెలుగు ఉపాధ్యాయునికి అందని ఆధారాలు ఆ భాషల్లోనే ఉన్నవి. ఫిరిష్తా వ్రాతలు, గోల్కొండ ఆస్థాన చరిత్రలు, పురావస్తు శాఖ ప్రకటించిన అరబ్బీ, ఫార్సీ శాసనాలు, హారూన్ ఖాన్ షేర్వానీ గారు 1974లో కుతుబ్‌షాహీ వంశం మీద ప్రకటించిన పెద్ద గ్రంథం తెలుగు బడికి చేరలేదు. వీటినుండి ఎన్నిన భాగాలను తెలుగులోకి తెచ్చి, పక్కనే అదే విషయం చెప్పే తెలుగు కావ్యాల ఆధారాన్ని, శాసనాల ఆధారాన్ని సారాంశంగా ఉంచి, నలభై యాభై పుటల చిన్న పుస్తకాలుగా వేయవచ్చు. కావ్యాల నుండి జనజీవితాన్ని ఎట్లా రాబట్టాలో సురవరం ప్రతాపరెడ్డి గారు 1949 నాటికే 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'లో చూపించారు. ఆ దారిని అనుసరించవచ్చు. ఈ పుస్తకాల్లో మనకు ఇంపైనవే ఏర్చి వేస్తే పని చెడుతుంది. మల్కిభరాముని కవులూ, అహోబిలమూ ఒకే పుస్తకంలో ఉండాలి. సంపాదకవర్గంలో ముస్లిమేతర చరిత్రకారులు కూడా ఉండాలి. దాన్ని ముస్లిం ఉపాధ్యాయులకే కాక సాంఘిక శాస్త్రం చెప్పే ప్రతివారికీ పంపాలి.

దీనికి పెద్ద ధనం అక్కరలేదు. ఒక పాఠం, మూడు ఆధారాలు, ఆరు ప్రశ్నలతో మొదటి పుస్తకం ఒక ఏడాదిలో తయారుకాగలదు. ముందుగా ఒక్క జిల్లాలో, ఒక్క మండలపు కాంప్లెక్సులో ఇచ్చి చూడాలి. అక్కడి ఉపాధ్యాయులు ఏది కష్టమన్నారో, పిల్లలు ఏమి అడిగారో విని దిద్దుకోవాలి. పాఠ్యపుస్తకాల మీద వినతిపత్రాలు వ్రాయటం ఆపనక్కరలేదు. ఆ కాగితాలతోపాటు ఈ చిన్న పుస్తకం కూడా బడికి చేరితే, అక్కడి ఉపాధ్యాయుడు వచ్చే ఏటి పాఠాన్ని మరొక విధంగా మొదలుపెట్టగలడు.